లండన్ లా ఫర్మ్‌ల ఇన్‌సైట్ స్కీమ్ అప్లికేషన్లు: నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

అక్టోబర్ వచ్చిందంటే నా వాట్సాప్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అక్కా, ఇన్‌సైట్ స్కీమ్‌కి ఏం రాయాలి?", "నాకు ఎక్స్‌పీరియెన్స్ ఏమీ లేదక్కా", "రేపే లాస్ట్ డేట్, కాస్త చూసిపెడతారా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి ఈసారి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను విజయవాడలో ఇంటర్ చదివి, ఇక్కడ డిగ్రీ చేసి, బోలెడన్ని రిజెక్షన్ మెయిల్స్ తర్వాత సొలిసిటర్‌ని (కోర్టులో వాదించడం కంటే ఎక్కువగా ఆఫీసులో పనిచేసే లాయర్‌ని) అయ్యాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో చట్టమూ వేరు, సొలిసిటర్ అయ్యే దారీ వేరు. మీకు ఏ ప్రశ్న కావాలో దానికి నేరుగా వెళ్లిపోండి.

## అప్లై చేయకముందు

ఇన్‌సైట్ స్కీమ్ అంటే ఏంటి? ఇంటర్న్‌షిప్ లాంటిదేనా?

కాదు. ఒక రోజు నుంచి వారం దాకా ఒక లా ఫర్మ్‌లో కూర్చుని వాళ్ల పని ఎలా ఉంటుందో చూడటం. ట్రెయినీల పక్కన కూర్చోబెడతారు, ఒక ఉత్తుత్తి డీల్ ఇచ్చి గ్రూపుగా పని చేయిస్తారు, పార్ట్‌నర్లు (ఫర్మ్‌లో వాటా ఉన్న సీనియర్ లాయర్లు) వచ్చి మాట్లాడతారు. ఎక్కువగా ఫస్ట్ ఇయర్ వాళ్లకి. దీని తర్వాతి మెట్టు వెకేషన్ స్కీమ్, అది సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు, జీతం ఇస్తారు. దాని పైన ట్రైనింగ్ కాంట్రాక్ట్, అంటే రెండేళ్ల ఉద్యోగం, పెద్ద లండన్ ఫర్మ్‌లలో మొదటి ఏడాదే యాభై వేల పౌండ్లకు పైగా ఇస్తారు కాబట్టి పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొన్ని ఫర్మ్‌లు ఇన్‌సైట్ స్కీమ్‌లో బాగా చేసినవాళ్లని నేరుగా పై మెట్టు ఇంటర్వ్యూకి పిలుస్తాయి. అందుకే ఈ రెండు రోజుల దానికి కూడా ఇంత పెద్ద ఫారమ్ ఉంటుంది.

నాది ఫస్ట్ ఇయరే కదా, ఇప్పటి నుంచే ఈ టెన్షన్ ఎందుకు?

ఈ ఫర్మ్‌లు ట్రెయినీలని సుమారు రెండేళ్ల ముందే ఎంచుకుంటాయి. మూడేళ్ల లా డిగ్రీలో రెండో ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లలో వెకేషన్ స్కీమ్ ఫారమ్‌లు తెరుచుకుంటాయి, వేసవి స్కీమ్‌ల గడువు చాలా చోట్ల డిసెంబర్, జనవరిల్లోనే ముగిసిపోతుంది. అంటే ఆ ఫారమ్‌లో మీరు రాయగలిగేది ఫస్ట్ ఇయర్‌లో చేసిన పనుల గురించే. నాకు ఈ లెక్క సెకండ్ ఇయర్ నవంబర్‌లో తెలిసింది. మా క్లాసులో లాయర్ల పిల్లలకి మాత్రం కాలేజీలో చేరకముందే తెలుసు.

నాది లా డిగ్రీ కాదు. ఎకనామిక్స్, ఇంజినీరింగ్ వాళ్లని తీసుకుంటారా?

తీసుకుంటారు, మొహమాటానికి కాదు, నిజంగానే. పెద్ద ఫర్మ్‌ల ట్రెయినీల్లో వేరే డిగ్రీల వాళ్లు చాలామందే ఉంటారు. 2021 సెప్టెంబర్ నుంచి సొలిసిటర్ కావడానికి ఎస్‌క్యూఈ అనే పరీక్ష వచ్చింది, దాన్ని ఏ డిగ్రీ ఉన్నవాళ్లైనా రాయొచ్చు. అయినా ఫర్మ్‌లు సాధారణంగా ముందు ఒక కన్వర్షన్ కోర్సు (వేరే డిగ్రీ వాళ్లకి లా నేర్పే కోర్సు) చేయమంటాయి, ట్రైనింగ్ కాంట్రాక్ట్ ఇచ్చాక ఆ ఫీజు చాలావరకు వాళ్లే కడతారు. మీకు ఏ సంవత్సరంలో అర్హత ఉంటుందన్నది ఫర్మ్‌ని బట్టి మారుతుంది, అది మాత్రం ఫారమ్ మొదలుపెట్టకముందే చూసుకోండి. మొత్తం నింపాక "మీకు అర్హత లేదు" అని వస్తే ఆ బాధ వేరు.

ఇండియాలో ఎల్‌ఎల్‌బీ చేసి ఇక్కడ ఎల్‌ఎల్‌ఎంకి వచ్చాను. నాకు ఇది పనికొస్తుందా?

సూటిగా చెప్తున్నా, ఎక్కువ ఇన్‌సైట్ స్కీమ్‌లు మీకోసం కాదు, అవి అండర్‌గ్రాడ్యుయేట్ల కోసం. మీరు ఓపెన్ డేలకి (ఫర్మ్ తన గురించి విద్యార్థులకి చెప్పే రోజులకి) వెళ్లండి, ఫారమ్ మాత్రం వెకేషన్ స్కీమ్‌కో నేరుగా ట్రైనింగ్ కాంట్రాక్ట్‌కో పెట్టండి. ఇంకో సంగతి: మీరు ఇండియాలో బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన అడ్వకేట్ అయితే, ఎస్‌క్యూఈ దారిలో అందరికీ ఉండే రెండేళ్ల పని అనుభవం షరతు మీకు ఉండదు. ఎల్‌ఎల్‌బీ పట్టా చేతిలో ఉండి ఎన్‌రోల్ కాకపోతే మాత్రం ఆ సడలింపు రాదు. ఇండియాలోనే ఇంకా చదువుతున్నవాళ్లకి: కొన్ని లండన్ ఫర్మ్‌లు ఇండియాలోని నేషనల్ లా యూనివర్సిటీల నుంచి విడిగా తీసుకుంటాయి, కాబట్టి నల్సార్ లాంటి చోట ఉంటే ముందు మీ ప్లేస్‌మెంట్ కమిటీని అడగండి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నానని తెలిస్తే పక్కన పడేస్తారా?

పెద్ద ఫర్మ్‌లు పడేయవు. ట్రెయినీలకి వీసా స్పాన్సర్‌షిప్ ఇవ్వడం వాళ్లకి అలవాటైన పనే. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న సంస్థల జాబితాని బ్రిటన్ ప్రభుత్వమే తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఫర్మ్ పేరు అందులో ఉందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. లండన్‌లో మనవాళ్లుండే ఈస్ట్ హామ్‌లో, హౌన్‌స్లోలో వీధి మీద కనిపించే చిన్న ఫర్మ్‌లకి చాలాసార్లు ఈ లైసెన్స్ ఉండదు.

జాగ్రత్త పడాల్సింది జీతం వచ్చే వెకేషన్ స్కీమ్‌ల దగ్గర. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసాకి టర్మ్‌లో వారానికి 20 గంటల పరిమితి, సెలవుల్లో ఫుల్ టైమ్. అయితే ఏడాది మాస్టర్స్ చేసేవాళ్లకి వేసవి డిసర్టేషన్ సమయాన్ని చాలా యూనివర్సిటీలు సెలవుగా లెక్కించవు, టర్మ్‌గానే చూస్తాయి. జూలైలో స్కీమ్ వచ్చిందని సంబరపడి ఇక్కడ ఇరుక్కున్నవాళ్లు నాకు తెలుసు. మీ యూనివర్సిటీ వీసా ఆఫీసుని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

డబ్బు కడితే పెద్ద ఫర్మ్‌లో ప్లేస్‌మెంట్ ఇప్పిస్తామంటున్నారు, నమ్మొచ్చా?

వద్దు. ఏ పేరున్న ఫర్మూ ఇన్‌సైట్ స్కీమ్‌కి డబ్బు తీసుకోదు, ఏ ఏజెంటూ సీటు ఇప్పించలేడు. తిరిగి ఫర్మ్‌లే మీ రైలు ఖర్చు ఇచ్చే సందర్భాలు ఎక్కువ.

ఎన్ని ఫర్మ్‌లకి పెట్టాలి?

నా మాట అయితే ఐదారు. మొదటి ఫారమ్‌కి సులువుగా ఒక వారాంతం మొత్తం పోతుంది, తర్వాతవి కొంచెం తగ్గుతాయి. ఇరవై ముప్పై పెట్టేవాళ్లు చివరికి ఒకే జవాబుని పేరు మార్చి పంపుతారు, పొరపాటున పాత ఫర్మ్ పేరు ఉండిపోతుంది కూడా (నేనూ చేశాను, ఎవరికి పంపానో అడక్కండి). ఇంకోటి, చాలా ఫర్మ్‌లు గడువు దాకా ఆగవు, వచ్చిన ఫారమ్‌ని వచ్చినట్టే చూసి సీట్లు నింపుకుంటూ పోతాయి. దాన్నే రోలింగ్ అంటారు. అలాంటి చోట జనవరి 10 గడువంటే మీకు డిసెంబర్ మొదటివారమే గడువు అనుకోండి.

## ఫారమ్ నింపేటప్పుడు

నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందుంది. ఏ పెట్టెలో ఏది రాయాలి?

నవ్వకండి, ఇది చాలామంది అడుగుతారు. పాస్‌పోర్ట్‌లో ఏది ఎలా ఉందో ఫారమ్‌లో అలాగే, ఎందుకంటే తర్వాత మీకు ఇక్కడ పనిచేసే హక్కు ఉందో లేదో చూసే తనిఖీలో ఆ పేరే చూస్తారు. మిమ్మల్ని ఎలా పిలవాలో చెప్పడానికి చాలా ఫారమ్‌లలో వేరే పెట్టె ఉంటుంది, అక్కడ మీ పిలుపు పేరు రాయండి. అది ఖాళీగా వదిలేస్తే స్కీమ్ రోజున మీ మెడలో ఇంటిపేరు ట్యాగ్ వేలాడుతుంది, అందరూ మిమ్మల్ని మీ తాతగారి ఊరి పేరుతో పిలుస్తారు.

ఇంటర్ మార్కులని ఏ-లెవెల్ గ్రేడ్‌లుగా మార్చి రాయాలా? యూనివర్సిటీలో 65 శాతమే వచ్చింది, తక్కువ కదా?

మీరే మార్చి రాయొద్దు. బోర్డు పేరు, సబ్జెక్టులు, వచ్చిన మార్కులు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి. ఫారమ్ గ్రేడ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోకపోతే గ్రాడ్యుయేట్ రిక్రూట్‌మెంట్ టీమ్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, వాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

ఇక 65 గురించి. ఇంటర్‌లో 95 తెచ్చుకుని వచ్చిన మనకి ఇది పరువు తక్కువగా అనిపిస్తుంది, ఇంట్లో చెప్పడానికి కూడా నోరు రాదు. ఇక్కడ 60 నుంచి 69 దాకా 2:1 అనే తరగతి, ఎక్కువ ఫర్మ్‌లు అడిగేది అదే. 70 దాటితే ఫస్ట్ క్లాస్. అంటే మీ 65 శుభ్రమైన 2:1. దానికి సంజాయిషీ రాయడం మొదలుపెడితే లేని తప్పుని మీరే చూపించినట్టు. మాడ్యూల్ (ఒక్కో సబ్జెక్టు) మార్కులు అడిగితే అన్నీ ఇవ్వండి, తక్కువ వచ్చినవి దాచొద్దు, తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు. దాచినట్టు తేలితే ఈ ఫారమ్ పోవడం ఒక్కటే కాదు, రేపు సొలిసిటర్‌గా నమోదయ్యేటప్పుడు నిజాయితీ గురించి కూడా చూస్తారు.

"ఎందుకు లా?" అన్న దానికి మా మావయ్య లాయర్ అని రాయొచ్చా?

రాయొచ్చు, కానీ అక్కడితో ఆగితే అది మీ మావయ్య అప్లికేషన్ అవుతుంది. ఆయన దగ్గర మీరు ఏం చూశారు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అన్నది కావాలి.

మనకి లాయర్ అనగానే నల్లకోటు, కోర్టు, "మిలార్డ్". ఇక్కడ కోర్టులో వాదించేది ఎక్కువగా బారిస్టర్. మీరు అప్లై చేస్తున్న సిటీ ఫర్మ్ (లండన్ ఆర్థిక కేంద్రంలోని పెద్ద ఫర్మ్) సొలిసిటర్ పని కంపెనీలు కొనడం అమ్మడం, అప్పులు, ఒప్పందాలు, బిల్డింగ్ లీజులు. గంటల తరబడి కాగితాలు చదవడం. "అన్యాయానికి గురైనవాళ్ల కోసం పోరాడాలని చిన్నప్పటి నుంచి కల" అని కార్పొరేట్ ఫర్మ్‌కి రాస్తే, చదివేవాళ్లకి ఈ అబ్బాయికి మా పని తెలియదని వెంటనే అర్థమవుతుంది. ఆ కల నిజమే అయితే మంచిదే, కానీ దానికి సరిపోయే ఫర్మ్‌లు వేరే ఉన్నాయి.

"మా ఫర్మే ఎందుకు?" అనేదానికి వాళ్ల వెబ్‌సైట్ చూసి రాస్తున్నా, అయినా రిజెక్ట్ అవుతోంది. ఎందుకు?

వాళ్ల వెబ్‌సైట్ వాళ్లకి తెలుసు కాబట్టి. "మీ అంతర్జాతీయ ఖ్యాతి, మీ కలుపుగోలు వాతావరణం" అని రాస్తే పెళ్లి శుభలేఖలా ఉంటుంది, ఎవరింటికైనా పంపొచ్చు.

ఫర్మ్‌ల మధ్య నిజమైన తేడాలు ఉంటాయి, అవి పట్టుకోవాలి. ఉదాహరణకి స్లాటర్ అండ్ మే విదేశాల్లో తక్కువ ఆఫీసులే పెట్టుకుని, ఆయా దేశాల్లోని స్వతంత్ర ఫర్మ్‌లతో కలిసి పనిచేస్తుంది. క్లిఫర్డ్ చాన్స్‌ది దీనికి పూర్తిగా వేరే పద్ధతి, చాలా దేశాల్లో తన సొంత ఆఫీసులే. అలెన్ అండ్ ఓవరీ 2024 మేలో అమెరికన్ ఫర్మ్ షియర్‌మన్‌తో కలిసిపోయి ఏ అండ్ ఓ షియర్‌మన్ అయింది. కిర్క్‌ల్యాండ్ లాంటి అమెరికన్ ఫర్మ్‌ల లండన్ ఆఫీసులు ప్రైవేట్ ఈక్విటీ (పెట్టుబడి ఫండ్‌లు కంపెనీలని కొని అమ్మడం) పని మీద నడుస్తాయి, ట్రెయినీ బ్యాచ్‌లు చిన్నవి. ఇలాంటి ఒక తేడా తీసుకుని, అది మీకు ఎందుకు సరిపడుతుందో మీ అనుభవంలోంచి ఒక కారణం చెప్పండి. "చిన్న బ్యాచ్ నాకు నచ్చుతుంది, ఎందుకంటే నలుగురే ఉన్న లీగల్ క్లినిక్‌లో మొదటి వారమే క్లయింట్‌తో మాట్లాడాల్సి వచ్చింది, అలా నేర్చుకోవడమే నాకు పడుతుంది" అంటే అది మీరు మాత్రమే రాయగలిగే వాక్యం (లీగల్ క్లినిక్ అంటే విద్యార్థులు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే చోటు). ఓపెన్ ఈవెనింగ్‌లో ఒక ట్రెయినీ చెప్పిన మాట ఒకటి కలిస్తే ఇంకా మంచిది.

నాకు ఎక్స్‌పీరియెన్స్ ఏమీ లేదు. ఏం రాయాలి?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే, అడిగినవాళ్లలో ఒక్కరి విషయంలో కూడా "ఏమీ లేదు" అన్నది నిజం కాదు. మనవాళ్లు రాయాల్సినవాటినే దాచిపెడతారు. టెస్కోలో రాత్రి షిఫ్టు చేశానంటే చిన్నతనం అనుకుంటారు, అసలు ఆ సంగతి ఇంట్లోనే చెప్పరు, ఇంక ఫారమ్‌లో ఎందుకు చెప్తారు.

ఒక అబ్బాయి, రెడింగ్‌లో ఉంటాడు, నాకు పంపిన డ్రాఫ్ట్‌లో స్కూల్లో వ్యాసరచన పోటీలో రెండో బహుమతి గురించి 200 పదాలు రాశాడు. మాటల్లో పెట్టి అడిగితే అసలు సంగతులు బయటికొచ్చాయి. వాళ్ల ఊరి తెలుగువాళ్ల ఉగాదికి హాల్ బుక్ చేసింది ఇతనే. హాల్ వాళ్లు పంపిన ఒప్పందంలో రాత్రి పదింటికల్లా ఖాళీ చేయకపోతే డిపాజిట్ మొత్తం పోతుందని ఉంటే, మూడు వందల మంది భోజనాలు అప్పటికి అవ్వవని చెప్పి, గంటకింత అని అదనపు రేటు రాయించుకున్నాడు. కేటరర్ చివరి నిమిషంలో పులిహోర తగ్గించి డబ్బు మాత్రం పూర్తిగా అడిగితే, మెసేజ్‌లు చూపించి బిల్లు తగ్గించాడు. "ఇది కూడా రాస్తారా అక్కా?" అన్నాడు. ఒప్పందం చదవడం, బేరం, సాక్ష్యం జాగ్రత్తగా పెట్టుకోవడం, ఇంతకంటే సొలిసిటర్ పని ఏముంటుంది!

అమ్మమ్మతో డాక్టర్ దగ్గరికి వెళ్లి ఇంగ్లిష్ మాటలు తెలుగులో చెప్పడం, బాబాయి షాపు లెక్కలు చూడటం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, అద్దె ఇంటి డిపాజిట్ కోసం ల్యాండ్‌లార్డ్‌తో పోరాడటం, అన్నీ పనికొస్తాయి. రాసేటప్పుడు పరిస్థితి ఒక లైన్‌లో అయిపోవాలి, మీరు ఏం చేశారన్నది ఎక్కువ ఉండాలి, చివర్లో ఏమైందన్నది అంకెతో ఉంటే మంచిది. "మేము" తగ్గించి "నేను" రాయండి. మనకి అది గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది, వాళ్లకి అది సమాచారం మాత్రమే.

కమర్షియల్ అవేర్‌నెస్ అంటే రోజూ ఫైనాన్షియల్ టైమ్స్ మొత్తం చదవాలా?

అక్కర్లేదు, నేనూ చదవలేదు. వ్యాపార వార్తలు లాయర్ల పనిని ఎలా తాకుతాయో తెలియడమే కమర్షియల్ అవేర్‌నెస్. ఒక్క వార్త పట్టుకుని దాని లోపలికి వెళ్లడం నేర్చుకుంటే చాలు. 2025 సెప్టెంబర్ మొదట్లో జాగ్వార్ ల్యాండ్ రోవర్ మీద సైబర్ దాడి జరిగింది, ఆ కంపెనీ 2008 నుంచి టాటాలదని మనకి తెలుసు. కార్ల తయారీ వారాల తరబడి ఆగిపోయింది, చివరికి బ్రిటన్ ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల అప్పుకి హామీ ఇచ్చింది. చాలామంది "సైబర్ దాడులు పెరుగుతున్నాయి, కంపెనీలు జాగ్రత్తగా ఉండాలి" అని రాసి ముగించేస్తారు. దాని బదులు ఇలా అడగండి: ఫ్యాక్టరీ ఆగితే విడిభాగాలు పంపే చిన్న కంపెనీల ఒప్పందాలు ఏం చెప్తాయి, వాళ్ల డబ్బు ఎవరిస్తారు? డేటా బయటికిపోతే ఎవరికి, ఎంతలోగా చెప్పాలి? ఆ అప్పు పత్రాలు ఎవరు రాస్తారు? ఒక్కో ప్రశ్న ఫర్మ్‌లో ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది. మీరు అప్లై చేసే ఫర్మ్‌కి వాటిలో ఏ పనిలో పేరుందో అక్కడ నాలుగు లైన్లు ఎక్కువ రాయండి.

కవర్ లెటర్, సీవీ ఎలా ఉండాలి? ఇండియాలో వాడినదే పంపొచ్చా?

వద్దు. ఇండియా బయోడేటాలో ఉండే ఫొటో, నాన్నగారి పేరు, పుట్టినతేదీ, పెళ్లయిందా లేదా, చివర్లో "పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న డిక్లరేషన్, అన్నీ తీసేయండి. ఒక పేజీ, మహా అయితే రెండు.

కవర్ లెటర్‌లో మనం తెలియకుండానే స్కూల్ లీవ్ లెటర్ రాస్తాం. "రెస్పెక్టెడ్ సర్", "ఐ హంబ్లీ రిక్వెస్ట్ యూ", "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్", "పాస్డ్ అవుట్ ఇన్ 2023". వీటిలో తప్పేమీ లేదు, మన ఇంగ్లిష్ అది, కానీ ఇక్కడ చదివేవాళ్లకి వింతగా ఉంటుంది, "పాస్డ్ అవుట్" అంటే ఇక్కడ స్పృహ తప్పి పడిపోవడం! రిక్రూటర్ పేరు తెలిస్తే పేరుతోనే మొదలుపెట్టండి. మొదటి లైన్లోనే ఏ స్కీమ్‌కి, ఏ సంవత్సరం విద్యార్థి అన్నది వచ్చేయాలి. స్పెల్లింగ్ బ్రిటిష్ పద్ధతిలో. ప్రాధేయపడొద్దు, అవకాశం ఇస్తే జీవితాంతం రుణపడి ఉంటానని ఒకరు రాశారు, చదివి నాకే కళ్లు చెమర్చాయి, కానీ రిక్రూటర్‌కి అది ఏం ఉపయోగం?

ఇంట్లో ఇబ్బంది వల్ల ఒక సెమిస్టర్ మార్కులు తగ్గాయి. చెప్పాలా?

చెప్పండి, దానికోసమే ఒక పెట్టె ఉంటుంది. ఏం జరిగింది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ పరీక్షల మీద దెబ్బపడింది, దానికి ముందూ తర్వాతా మీ మార్కులు ఎలా ఉన్నాయి, ఇంతే. నాన్నగారికి ఆపరేషన్ అయి పరీక్షల ముందు మూడు వారాలు హైదరాబాద్‌లో ఉన్నానంటే అది సానుభూతి అడుక్కోవడం కాదు. యూనివర్సిటీకి అప్పుడే చెప్పి ఉంటే ఆ కాగితం దాచుకోండి.

ఫ్రీ స్కూల్ మీల్స్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి స్కూల్లో ఉచిత భోజనం), అమ్మానాన్నల చదువు గురించి ఎందుకు అడుగుతున్నారు? కులం సర్టిఫికెట్ లాంటిదా?

రిజర్వేషన్ కాదు, కోటా లేదు. మీ మార్కులని మీ పరిస్థితులతో కలిపి చూడటానికి. చాలా ఫర్మ్‌లు రేర్ అనే సంస్థ 2015లో మొదలుపెట్టిన పద్ధతిని వాడతాయి: వెనకబడిన స్కూల్లో వచ్చిన బి, గొప్ప స్కూల్లో వచ్చిన ఏ కంటే ఎక్కువ చెప్పొచ్చు కదా, అదీ లెక్క. సిగ్గుపడి "చెప్పను" అని టిక్ పెట్టేవాళ్లు ఉన్నారు, నష్టం మీకే. అలాగని అబద్ధం వద్దు. అమ్మానాన్నలు డిగ్రీ చదివారా అన్న దగ్గర ప్రశ్న మాటలు జాగ్రత్తగా చదవండి, విదేశాల్లో చదివినా లెక్కలోకి వస్తుందని ఉంటే గుంటూరులో చేసిన బీకామ్ కూడా డిగ్రీయే.

చాట్‌జీపీటీతో రాయించుకుంటే తెలుస్తుందా?

ముందు ఫర్మ్ నియమం చూడండి, కొన్ని అస్సలు వద్దంటాయి, కొన్ని స్పెల్లింగ్ చూసుకోవడం దాకా ఒప్పుకుంటాయి, చివర్లో ఇది నా సొంత రచన అని టిక్ పెట్టిస్తాయి. తెలుస్తుందా అంటే, యంత్రం రాసిందని తెలియకపోయినా, అలాంటివే ఇంకో నలభై వచ్చాయని తెలుస్తుంది. హాల్ డిపాజిట్ గొడవ దానికి తెలియదు కదా. ఇంగ్లిష్ భయం ఉంటే ముందు తెలుగులోనే ఎవరికో చెప్తున్నట్టు ఫోన్‌లో రికార్డ్ చేసి, విని, అప్పుడు మీరే ఇంగ్లిష్‌లో రాయండి. నేను ఇప్పటికీ కష్టమైన మెయిల్‌కి ఇదే చేస్తాను.

## పంపించాక

వాట్సన్ గ్లేజర్ టెస్ట్ అంటే భయంగా ఉంది. ఎలా ప్రిపేర్ అవ్వాలి?

ఇది ఫర్మ్‌లు పెట్టే తర్క పరీక్ష. ఎక్కువగా వాడే రూపంలో 40 ప్రశ్నలు, 30 నిమిషాలు. ఐదు భాగాలు: ఇచ్చిన సమాచారం నుంచి చేసిన ఊహ ఎంతవరకు నిజం, పైకి చెప్పకుండా ముందే నిజమనుకున్నది ఏది, తప్పనిసరిగా తేలేది ఏది, అర్థం చేసుకోవడం, వాదన బలం. చట్టం ఏమీ రానక్కర్లేదు. మనవాళ్లు తప్పు చేసేది ఒక్క చోటే, తమకి తెలిసిన లోకజ్ఞానం లోపలికి తెచ్చేస్తారు. చూడండి: హాస్టల్లో ఉండేవాళ్లందరూ సాంబారు తింటారు; సాంబారు తినేవాళ్లలో కొందరికి పెరుగు ఇష్టం; కాబట్టి హాస్టల్లో కొందరికి పెరుగు ఇష్టం. తేలుతుందా? తేలదు. పెరుగు ఇష్టపడే ఆ కొందరూ హాస్టల్ బయటివాళ్లే కావొచ్చు. "హాస్టల్లో పెరుగు ఇష్టం లేనివాడు ఉంటాడా" అనుకున్నారా, మార్కు పోయింది. ఎంసెట్ కోచింగ్ స్పీడ్ ఇక్కడ సగమే పనికొస్తుంది. ఉచిత ప్రాక్టీస్ టెస్టులు చేసి, తప్పయిన ప్రతిదానికీ కారణం రాసుకోండి.

నాకు డిస్లెక్సియా ఉంది. చెబితే తీసేస్తారేమో?

తీసేస్తే అది చట్టవిరుద్ధం, 2010 ఈక్వాలిటీ యాక్ట్ ఉంది. టెస్ట్‌కి అదనపు సమయం అడగొచ్చు, లింక్ నొక్కకముందే అడగాలి. మన ఇళ్లలో ఇలాంటివి బయటికి చెప్పొద్దంటారు, సంబంధాలు రావని భయం. రిక్రూట్‌మెంట్ టీమ్‌కి పెట్టే మెయిల్ మేనమామకి వెళ్లదు.

వీడియో ఇంటర్వ్యూలో ఎదురుగా మనిషే ఉండడట, ఎలా మాట్లాడాలి?

స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కొన్ని సెకన్లు, చెప్పడానికి ఒకటి రెండు నిమిషాలు. కాగితం చూసి చదివితే కళ్లు పట్టిచ్చేస్తాయి. మూడు మాటలు మాత్రం స్టిక్కర్ మీద రాసి కెమెరా పక్కన అంటించండి. యాస గురించి బెంగ వద్దు, కాస్త నెమ్మదిగా మాట్లాడితే చాలు, మనం భయపడితే స్పీడ్ పెంచుతాం. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి. నా రికార్డింగ్‌లో కుక్కర్ మూడు విజిల్స్ వేసింది.

## సెలెక్ట్ అయితే, అవ్వకపోతే

ఆ రెండు రోజులు ఏం చేయాలి?

సూట్ కొత్తది కొనక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు. శాకాహారులైతే ముందే ఫారమ్‌లో రాయండి, గుడ్డు తినకపోతే అది విడిగా. సాయంత్రం వైన్ ఇస్తారు, తాగకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడండి. పార్ట్‌నర్ల చుట్టూ గుంపు ఉంటుంది, మీరు ట్రెయినీలని పట్టుకోండి, "నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడిగితే నిజం చెప్తారు. ఆ రాత్రే అదంతా రాసుకోండి, సెప్టెంబర్‌లో వెకేషన్ స్కీమ్ ఫారమ్‌కి అదే ముడిసరుకు. లింక్డ్‌ఇన్‌లో ఫొటో పెట్టుకోండి, క్లయింట్ పేర్లు మాత్రం పెట్టొద్దు. రైలు టికెట్ రసీదు దాచండి.

అన్నీ రిజెక్ట్ అయ్యాయి. ఇంక అయిపోయినట్టేనా?

నాకు ఫస్ట్ ఇయర్‌లో ఒక్కటీ రాలేదు. ఒక ఫర్మ్ నుంచి రిజెక్షన్ ఆదివారం రాత్రి రెండింటికి వచ్చింది, మెషీనే పంపి ఉంటుంది, అయినా ఆ టైమ్ ఇప్పటికీ గుర్తుంది. మామూలుగా మళ్లీ వచ్చే ఏడాది అదే ఫర్మ్‌కి పెట్టొచ్చు. ఈలోగా యూనివర్సిటీ లీగల్ క్లినిక్‌లో చేరండి, సిటిజన్స్ అడ్వైస్‌లో (జనానికి ఉచితంగా సలహాలిచ్చే సంస్థలో) వాలంటీర్‌గా వెళ్లండి, ఫోరేజ్ అనే వెబ్‌సైట్‌లో ఫర్మ్‌లు పెట్టిన ఉచిత వర్చువల్ పనులు చేయండి. ఎస్‌క్యూఈ దారిలో రెండేళ్ల అనుభవాన్ని నాలుగు సంస్థల దాకా కలిపి చూపించుకోవచ్చు, అందులో క్లినిక్ పని, పారాలీగల్ (లాయర్లకి సహాయకులు చేసే) పని కూడా లెక్కకి రావచ్చు, సొలిసిటర్ సంతకం ఉండాలి అంతే. ఎక్కడ ఆగిపోతున్నారో కూడా చూసుకోండి: టెస్ట్ దాకా వెళ్లి పోతుంటే మీ రాత బాగానే ఉంది, టెస్ట్ మీద కూర్చోండి. ఫారమ్ దగ్గరే పోతుంటే రాత మార్చాలి.

ఇంట్లో "రెండు రోజులకి ఇంత హడావుడా, జీతం ఎంత?" అంటున్నారు. ఏం చెప్పను?

పెళ్లిచూపులు అని చెప్పండి, ఇద్దరికీ నచ్చితే మళ్లీ కలుస్తారు అని. మా అమ్మకి అలాగే అర్థమైంది, కాకపోతే ఆవిడ పక్కింటివాళ్లకి "పెద్ద ఆఫీసులో ఉద్యోగం వచ్చింది" అని చెప్పేసింది, అది సరిచేయడానికి నాకు మూడేళ్లు పట్టింది.

నా డ్రాఫ్ట్ చూసిపెడతారా?

చూస్తాను, కానీ మొత్తం ఫారమ్ కాదు, ఒక్క జవాబు పంపండి, కింద ప్రశ్న, పదాల పరిమితి, ఫర్మ్ పేరు ఉండాలి. గడువుకి కనీసం వారం ముందు. రాత్రి పదకొండున్నరకి "అక్కా, పన్నెండుకి క్లోజ్" అని పంపితే నేను అప్పటికే నిద్రపోయి ఉంటాను.